బల్లికి వేసే పురుగులు: ముందు వాటి కడుపు నిండాలి

మీ ఇబ్బంది ఇది: లెపర్డ్ గెక్కో అనే ఏడు నెలల బల్లిని పెంచుతున్నారు. తెచ్చిన కీచురాళ్లు మూడో రోజుకల్లా సగానికి సగం చచ్చిపోతున్నాయి. డబ్బా మూత తీస్తే ముక్కు మూసుకోవలసి వస్తోంది. బల్లి చూస్తే వాక్స్‌వార్మ్‌లనే మెత్తటి పురుగులు తప్ప మరేదీ ముట్టడం లేదు. ఏ పురుగులు వేయాలి, వాటిని ఎలా బతికించుకోవాలి, కాల్షియం పొడి అద్దితే సరిపోతుందా అని అడిగారు.

పదహారేళ్లుగా బల్లులను పెంచుతున్నాను. మొదటి రెండేళ్లూ నేనూ మీలాగే పురుగులను బల్లి తిండిగా మాత్రమే చూశాను. తెచ్చిన డబ్బాను ఒక మూల పెట్టి, అవసరమైనప్పుడు నాలుగు తీసి, పొడిలో దొర్లించి వేసేవాణ్ని. వాటికి తిండి పెట్టాలన్న ఆలోచనే రాలేదు. అప్పుడు నా దగ్గర బియర్డెడ్ డ్రాగన్ అనే జాతి బల్లి పిల్ల ఒకటి ఉండేది. ఒక రోజు దాన్ని చేతిలోకి తీసుకుంటే కింది దవడ వేలికి మెత్తగా తగిలింది, తడిసిన అట్టముక్కలా. కాలివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. వైద్యుడు ఎక్స్‌రే తీసి, ఎముకల్లో కాల్షియం కరిగిపోతోందని చెప్పారు. రోజూ పొడి వేస్తున్నాను కదా అంటే ఆయన రెండే ప్రశ్నలు అడిగారు: దీపం మార్చి ఎన్నాళ్లయింది, పురుగులు ఏం తింటున్నాయి? కాల్షియం ఒంటికి పట్టడానికి కావలసిన డి3 విటమిన్‌ను బల్లి తయారుచేసుకునేది యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలతో. ఆ కిరణాలిచ్చే దీపం ఏడాదిన్నర పాతది. వెలుగు వస్తూనే ఉంది కానీ యూవీబీ ఎప్పుడో పడిపోయింది. పురుగులు ఏమీ తినడం లేదు. ఆ పిల్ల బతికింది, కానీ దాని దవడ చివరిదాకా కాస్త ఒంకరగానే ఉండిపోయింది. దాన్ని చూసిన ప్రతిసారీ ఆ ప్రశ్నలే గుర్తుకు వచ్చేవి. అందుకే మీ మూడు ప్రశ్నలకూ నా జవాబు ఒకే చోట మొదలవుతుంది. పురుగు ఏం తిన్నదో, చివరికి మీ బల్లి తినేది అదే. డబ్బాలో పురుగు ఆకలితో, దాహంతో మాడుతుంటే బల్లికి అందేది దాని పెంకు, దానిమీద కాస్త పొడి.

ఆ పొడి సంగతి కూడా ఒకసారి దగ్గరగా చూడండి. కాల్షియం అద్దిన కీచురాయిని ఖాళీ గాజు గిన్నెలో వేసి గమనించండి. మొదట కాసేపు బిగుసుకుని ఉంటుంది. తరువాత ముందు కాలితో ఒక మీసాన్ని వంచి నోటిదాకా తెచ్చుకుని, మొదలు నుంచి కొసదాకా నోటి గుండా లాగి శుభ్రం చేసుకుంటుంది. తరువాత రెండో మీసం, ఆపైన కాళ్లు. కాసేపటికే ఒంటి మీద తెల్లదనం తగ్గడం మీకే కనిపిస్తుంది. పొడి అద్దిన పురుగును బల్లి వెంటనే తినాలి. సాయంత్రం వేసిన కీచురాయి అర్ధరాత్రి ఎప్పుడో నోటికి చిక్కితే, అప్పటికి ఆ పొడిలో ఎక్కువ భాగం రాలిపోయి ఉంటుంది.

పొడి అసలు ఎందుకు కావాలో తెలిస్తే మిగతాదంతా సులువుగా బోధపడుతుంది. బల్లి ఆహారంలో కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగా ఉండాలి, రెట్టింపు ఉంటే ఇంకా మంచిది. పురుగుల ఒంట్లో ఎముకలు లేవు, అందువల్ల వాటిలో కాల్షియం చాలా తక్కువ. కీచురాయిలో కాల్షియం కంటే భాస్వరం ఏడు రెట్లు ఎక్కువ. మీల్‌వార్మ్ అనే పెంకుపురుగు లార్వాలో ఆ తేడా పదిహేను రెట్లు దాటుతుంది. ఈ లోటు ఇలాగే కొనసాగితే శరీరం రక్తంలో కాల్షియం పడిపోకుండా ఎముకల నుంచి తోడుకుంటుంది. మెత్తబడే దవడ, వంగే కాళ్లు, వణికే వేళ్లు అక్కడి నుంచే వస్తాయి. మనం వాడే పురుగుల్లో ఈ లెక్కకు పెద్ద మినహాయింపు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వా. అది తన చర్మంలోనే కాల్షియం నిల్వ చేసుకుంటుంది కాబట్టి దానిలో కాల్షియమే భాస్వరం కంటే ఎక్కువ.

ఇక పురుగుల ఎంపిక. మీ కీచురాళ్లు మూడు రోజులకే చావడానికి కారణం మీ పెంపకమే అనుకుంటున్నారు. సగం కారణం కొనేటప్పుడే పడి ఉండవచ్చు. రెక్కలు పూర్తిగా వచ్చినవి, అరుస్తున్నవి తెస్తున్నారా? కీచురాయి గుడ్డు నుంచి బయటికి వచ్చాక మంచి వెచ్చదనంలో ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పెద్దదవుతుంది. రెక్కలు వచ్చాక అది బతికేది మహా అయితే రెండు మూడు వారాలు. అరిచేది మగది, ముందు రెక్కలను ఒకదానితో ఒకటి రాస్తూ. అంటే అరుపు వినిపించే డబ్బా ముసలి పురుగుల డబ్బా. దుకాణంలో పది రోజులు గడిపి మీ ఇంటికి వస్తే మూడో రోజున చావక ఏం చేస్తాయి? మూడు నాలుగు వారాల వయసువి, రెక్కలు ఇంకా రానివి అడిగి తీసుకోండి. పరిమాణం కూడా మీ గెక్కోకు అదే సరిపోతుంది. పురుగు ఒళ్లు బల్లి రెండు కళ్ల మధ్య ఎడం కన్నా వెడల్పుగా ఉండకూడదు, పొడవు దాని తల పొడవును మించకూడదు. పెద్ద పురుగు మింగబోయి గొంతులో అడ్డం పడితే, లేదా అరగక కక్కేస్తే, ఆ తరువాత ఆ జాతి పురుగునే బల్లి దగ్గరికి రానీయదు.

కొనే ముందు డబ్బాను వెలుతురుకు ఎత్తి చూడండి, పక్కన వేలితో ఒకసారి తట్టండి. ఆరోగ్యంగా ఉన్నవి ఒక్కసారిగా చెదురుతాయి, గుడ్ల అట్ట వెనక్కు దూరుతాయి. మీసాలు పొడవుగా, పూర్తిగా ఉండాలి. మీసాలు కొరికి ఉన్నా, వెనక కాళ్లు ఊడిపోయి ఉన్నా, అవి ఆకలితోనో ఇరుకుతోనో ఒకదాన్నొకటి తింటున్నాయని అర్థం. అడుగున ఒకటి రెండు శవాలు సహజం, గుప్పెడు ఉంటే వద్దు. మూత సందులోంచి అమ్మోనియా ఘాటు కొడితే వద్దు. వెల్లకిలా పడి కాళ్లు మాత్రం ఆడిస్తున్నవి చాలా కనిపిస్తే, ఆ చోట ఆ వారం అసలు కొనకండి.

ఈ చివరి గుర్తును తేలిగ్గా తీసుకోవద్దు. ఇళ్లలో పెరిగే మామూలు కీచురాయికి డెన్సోవైరస్ అనే జబ్బు వస్తుంది. 2000ల తొలి సంవత్సరాల్లో యూరప్‌లో, 2010 ప్రాంతంలో ఉత్తర అమెరికాలో అది పెద్ద పెద్ద పెంపకం కేంద్రాలనే ఖాళీ చేసింది. పురుగులు ఎదగవు, నీరసించి వెల్లకిలా పడతాయి, రోజుల్లో కుప్పలుగా చస్తాయి. ఆ వైరస్ బల్లికి సోకదు. ఆ దెబ్బ తరువాతే చాలామంది పెంపకందారులు దాన్ని తట్టుకునే చారల కీచురాయికి, అంటే గ్రిల్లోడెస్ సిజిలాటస్‌కు మారారు. అది కొంచెం చిన్నది, బాగా చురుకైనది, బాగా గెంతుతుంది కూడా. నా ఓటు దానికే. ఇరిడోవైరస్ విషయం మాత్రం వేరు. అది సోకిన కీచురాళ్ల పొట్ట ఉబ్బుతుంది, చీల్చి చూస్తే లోపలి కొవ్వు నీలిరంగు మెరుపుతో కనిపిస్తుంది. ఈ వైరస్ జాడ బియర్డెడ్ డ్రాగన్లలో, ఊసరవెల్లుల్లో కూడా దొరికింది. అలాంటి పురుగులు కనిపిస్తే ఒక్కటి కూడా వేయకండి. మొత్తం డబ్బాను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పారేసి, పెట్టెను బాగా కడిగి ఆరబెట్టండి.

ఏ పురుగు మంచిదన్న ప్రశ్నకు నేను ఒక్క పేరు చెప్పను. రెండు జాతులు రోజువారీగా, మరో రెండు అప్పుడప్పుడు వేయడం నా పద్ధతి. రోజువారీకి కీచురాళ్లు, డుబియా బొద్దింకలు. వంద గ్రాముల కీచురాళ్లలో కొవ్వు ఏడు గ్రాముల దాకా ఉంటుంది. అదే మీల్‌వార్మ్‌లో పదమూడు, దానికన్నా పెద్దదైన సూపర్‌వార్మ్‌లో పద్దెనిమిదికి దగ్గర, వాక్స్‌వార్మ్‌లో ఇరవై అయిదు. మీ గెక్కో ఎందుకు మొండికేసిందో ఈ అంకెలే చెబుతున్నాయి. వాక్స్‌వార్మ్ తేనెపట్టులో మైనాన్ని, తేనె మిగులును తిని బలిసే చిమ్మట పిల్ల. మెత్తనిది, కొవ్వుతో నిండినది, పారిపోనిది. దానికి అలవాటుపడ్డ బల్లి కీచురాయిని తరమడం దండగ అనుకుంటుంది. పట్టుపురుగు వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టం. కొవ్వు తక్కువ, ఒంట్లో నీరు ఎక్కువ, మెత్తగా ఉంటుంది. జబ్బు పడి లేచిన బల్లికి నేను మొదట పెట్టేది అదే. దాన్ని పెంచడానికి మల్బరీ ఆకు తాజాగా కావాలి, ఆకుపై మందు కొట్టి ఉండకూడదు, తడిగా ఉండకూడదు. హార్న్‌వార్మ్ అనే పెద్ద గొంగళిపురుగులో నీరే ఎనభై అయిదు శాతం దాకా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గిన బల్లికి పనికివస్తుంది, రోజూ వేస్తే రెట్ట పలచబడుతుంది. పొగాకు, టమాటా మొక్కల మీద దొరికిన హార్న్‌వార్మ్ మాత్రం విషం. తయారుచేసిన మేత మీద పెరిగినదే వేయాలి.

మీల్‌వార్మ్ బల్లి పొట్ట కొరుక్కుని బయటికి వస్తుందన్న మాట మీరు వినే ఉంటారు. అది నిజం కాదు. బల్లి నమిలి మింగుతుంది, కడుపులోని ఆమ్లంలో, గాలి లేనిచోట పురుగు బతకదు. వాటిని మితంగా వాడమని నేను చెప్పేది కొవ్వు వల్ల, గట్టి పెంకు వల్ల. అప్పుడే కుబుసం విడిచి తెల్లగా ఉన్నవి దొరికితే ఏరి వేయండి, వాటి పెంకు మెత్తగా ఉంటుంది.

ఇప్పుడు మీ డబ్బా వాసన సంగతి. కీచురాళ్లు తడిలో చస్తాయి, ఇరుకులో చస్తాయి, గాలి ఆడకపోతే చస్తాయి. మీరు కొన్న చిన్న డబ్బా ప్రయాణానికి మాత్రమే. ఇంటికి రాగానే కనీసం నలభై లీటర్ల నున్నటి ప్లాస్టిక్ పెట్టెలోకి మార్చండి. గోడలు ముప్పై సెంటీమీటర్లకు మించి ఎత్తుంటే ఎగిరి బయటపడవు. మూతలో రెండు పెద్ద కిటికీలు కోసి లోహపు జాలి అతికించండి. నైలాన్ జాలి వద్దు, ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. అడుగున ఏమీ పరచకండి, మట్టి, పొట్టు, కాగితం ఏదీ వద్దు. వాటి కింద తేమ చేరుతుంది, శవాలు కనిపించవు. గుడ్ల అట్టలను పడుకోబెట్టకుండా నిలువుగా పేర్చండి. అలా పేరిస్తే విసర్జనలు కిందికి రాలిపోతాయి, పురుగులు పైన శుభ్రంగా ఉంటాయి. ఇరవై నాలుగు నుంచి ముప్పై డిగ్రీల వేడి చాలు. చల్లబడితే నీరసించి తినడం మానేస్తాయి.

నీళ్ల గిన్నె పెట్టారని రాశారు. మీ చావుల్లో పెద్ద వాటా దానిదే కావచ్చు. కీచురాయి చాలా తక్కువ లోతు నీటిలో కూడా మునిగి చస్తుంది, ఆ శవం నీటిలో కుళ్లితే మిగిలినవి ఆ నీరే తాగుతాయి. నీటిని పట్టి ఉంచే జెల్ వేయండి, లేదా రోజూ తాజా క్యారెట్ చక్రాలు పెట్టండి. తడి స్పాంజ్ రెండు రోజుల్లో జిగటబారి సూక్ష్మక్రిములకు నెలవవుతుంది, నేను దాన్ని మానేసి చాలా ఏళ్లయింది. మిగిలిన కూరముక్కను ఇరవై నాలుగు గంటలకు మించి లోపల ఉంచకండి. రోజూ ఒక్క నిమిషం కేటాయించి శవాలు ఏరేయండి, వారానికి ఒకసారి అన్నిటినీ వేరే పెట్టెలోకి దులిపి పాతదాన్ని వేడినీళ్లతో కడిగి ఎండబెట్టండి. సబ్బు వాడితే వాసన పోయేదాకా కడగాలి. ఇంట్లో దోమల మందు, పురుగుల స్ప్రే వాడే గదిలో ఈ పెట్టె ఉండకూడదు. ఆ మందు పురుగుకు తగిలితే చస్తుంది, చావకుండా మిగిలినది బల్లి కడుపులోకి వెళుతుంది.

పురుగుల తిండికి రెండు దశలు ఉన్నాయని గుర్తుంచుకోండి. మామూలు రోజుల్లో వాటిని బతికించే తిండి వేరు, బల్లికి వేసే ముందు కడుపు నింపే తిండి వేరు. మామూలు రోజుల్లో గోధుమ పొట్టు, ఓట్స్ పొడి, ఆకుకూరలు, క్యారెట్, చిలగడదుంప, గుమ్మడి ఏదైనా సరే. పాలకూర మాత్రం ప్రధానంగా పెట్టకండి, దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. అవకాడో అసలు వద్దు. కుక్కలు, పిల్లుల మేత వేయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. దానిలో మాంసకృత్తులు, కొవ్వు, ఎ, డి విటమిన్లు బల్లికి తగిన లెక్కలో ఉండవు.

బల్లికి వేయడానికి ఒకటి రెండు రోజుల ముందు ఆ పూటకు కావలసిన పురుగులను వేరే చిన్న పెట్టెలోకి తీసి, ఎక్కువ కాల్షియం కలిపిన ప్రత్యేక మేత పెట్టండి. దానిలో కాల్షియం ఎనిమిది శాతమైనా ఉండాలి, డబ్బా మీద రాసి ఉంటుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. ఆ మేతతో పాటు క్యారెట్, ఆకులు కూడా పెడతారు. కీచురాయికి కాల్షియం మేత రుచించదు, పక్కన ఇంకేదైనా ఉంటే దాన్ని వదిలేస్తుంది. కాబట్టి ఆ రెండు రోజులూ మేత ఒక్కటే ఉండాలి, తేమకు నీటి జెల్ పెట్టాలి. రెండు మూడు రోజులకు మించి ఈ మేత మీదే ఉంచితే పురుగులే చస్తాయి. ముందే లెక్క చూసుకుని తీయండి. కడుపు నిండిన కీచురాయిని తిరగేసి చూస్తే పొట్ట బిర్రుగా ఉంటుంది, మేత రంగు లేత చర్మం గుండా కనిపిస్తుంది. ఖాళీ పురుగు పొట్ట నొక్కుకుపోయి ముడతలు పడి ఉంటుంది. రెండింటినీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే మళ్లీ ఎవరూ మీకు చెప్పనక్కర్లేదు.

డుబియా బొద్దింకలు మీకు నచ్చుతాయనుకుంటున్నాను. వాసన తక్కువ, అరవవు, నున్నటి గోడ ఎక్కలేవు, బల్లిని కొరకడమూ అరుదు. ఆడది పిల్లలను కంటుంది, ఒక్కో కాన్పుకు ఇరవై నుంచి నలభై దాకా. పెద్దవి ఏడాదికి పైగా బతుకుతాయి. అయితే పిల్ల పెద్దదవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. నాలుగైదు ఆడవాటికి ఒక మగ చొప్పున మొదలుపెట్టి, ముప్పై డిగ్రీల వేడి, చీకటి ఇచ్చి, తొలి ఆరు నెలలు ఒక్కదాన్ని కూడా బల్లికి వేయకుండా ఓపిక పట్టాలి. ఆత్రపడి మొదట్లోనే తీసి వేసినవాళ్ల పెట్టెలు ఎప్పటికీ నిండవు. వీటికి మాంసకృత్తులు అతిగా పెట్టకండి. బొద్దింక అదనపు నత్రజనిని బయటికి పంపకుండా యూరిక్ ఆమ్లంగా తన కొవ్వులోనే దాచుకుంటుంది, దాన్ని తిన్న బల్లికి అది కూడా చేరుతుంది. వాటి విసర్జనల దుమ్ము కొందరికి ఉబ్బసం, దద్దుర్లు తెప్పిస్తుంది కాబట్టి పెట్టె దులిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి. కొన్నిచోట్ల వీటిని పెంచడంపై నిషేధం ఉంది, కొనేముందు అక్కడి నిబంధన తెలుసుకోండి.

మీల్‌వార్మ్‌లకు పెద్ద శ్రమ లేదు. గోధుమ పొట్టులో వేసి ఫ్రిజ్‌లో ఏడు నుంచి పది డిగ్రీల మధ్య ఉంచితే నిద్రలోకి జారుకుని వారాల తరబడి అలాగే ఉంటాయి. వారానికి ఒక రోజు బయట పెట్టి క్యారెట్ ముక్క ఇచ్చి మళ్లీ లోపల పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా బల్లికి వేయకండి, ఒక రోజు తిన్నాకే వేయండి. సూపర్‌వార్మ్‌ను మాత్రం పొరపాటున కూడా ఫ్రిజ్‌లో పెట్టవద్దు, చచ్చిపోతుంది. అది గుంపులో ఉన్నంతకాలం ప్యూపాగా మారదు. ఒక్కోదాన్ని విడిగా చిన్న డబ్బాలో పెడితే కొద్ది రోజుల్లో కొక్కెంలా వంగి ప్యూపా అవుతుంది. పెంపకం చేసేవాళ్లు వాడుకునే ఉపాయం అదే.

పెట్టెలో తెల్లటి దుమ్ము కదులుతున్నట్లు కనిపిస్తే అవి ధాన్యపు నల్లులు. అవి తేమకు గుర్తు. పొట్టు మొత్తం పారేసి, పెట్టె కడిగి ఎండబెట్టి, కూరముక్కలు సగానికి తగ్గించండి. పెట్టె లోపలి పై అంచు చుట్టూ పెట్రోలియం జెల్లీ పట్టీలా రాస్తే పక్క పెట్టెలోకి పాకవు.

ఒక పూట తినగా మిగిలిన కీచురాళ్లను బల్లి ఉన్న పెట్టెలో రాత్రంతా వదలకండి. ఇది నేను బతిమాలి చెబుతున్న మాట. ఆకలేసిన కీచురాయి నిద్రపోతున్న బల్లి కాలివేళ్లను, తోక కొసను, కనురెప్పల అంచులను కొరుకుతుంది. నా దగ్గరికి చూపించడానికి తెచ్చిన ఒక గెక్కో పిల్లకు రెండు వేళ్ల చివరలు లేవు. దాన్ని ఇష్టంగా పెంచుకుంటున్న ఇంటివారికి ఆ సంగతి తెలియదు. పైగా మిగిలిన పురుగులు బల్లి రెట్ట మీద పాకుతాయి, దాన్ని తింటాయి. ఆ బల్లికి కోక్సిడియా అనే పేగు పరాన్నజీవులు, నులిపురుగులు ఉంటే అవి అదే పురుగుల ద్వారా తిరిగి దాని కడుపులోకే చేరతాయి. అందుకే మందు వాడినా కొన్ని బల్లులకు జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. పది పదిహేను నిమిషాల్లో తిన్నంత వేయండి, మిగిలినవి ఏరి తీసేయండి. తీసినవాటిని మళ్లీ పురుగుల పెట్టెలో కలపకండి.

బయట పట్టిన పురుగులు వేయవచ్చా అని మీరు అడగలేదు కానీ, పురుగులు చస్తున్నప్పుడు ఆ ఆలోచన వస్తుంది. వద్దు. ఏ మందు తగిలిందో తెలియదు, ఏ పరాన్నజీవులను మోస్తోందో తెలియదు. మిణుగురు పురుగుల్లో గుండెను ఆపే విషం ఉంటుంది, ఒక్క మిణుగురు తిని చనిపోయిన బియర్డెడ్ డ్రాగన్లు ఉన్నాయి. పెట్టె ఉన్న గది కిటికీకి రాత్రిపూట జాలి వేసి ఉంచండి.

పొడి విషయంలో మీ గెక్కో వయసుకు నేను పాటించే పద్ధతి చెబుతాను. ఎదిగే వయసు కాబట్టి దాదాపు ప్రతి పూటా సాదా కాల్షియం, వారానికి ఒకసారి మల్టీవిటమిన్. యూవీబీ దీపం లేకపోతే కొన్ని పూటలు డి3 కలిసిన కాల్షియం తప్పనిసరి, దీపం ఉంటే అది చాలా తగ్గించాలి. డి3 అతిగా పోతే మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో కాల్షియం గడ్డకడుతుంది. డబ్బా మీద రాసిన మోతాదు దాటవద్దు. మల్టీవిటమిన్‌లో ఎ విటమిన్ రెటినాల్ రూపంలో ఉందో లేదో చూడండి. పెంపకం పురుగుల్లో అది దాదాపు ఉండదు, అది తగ్గితే గెక్కోల కళ్లు వాస్తాయి, కుబుసం కనురెప్పల కింద అతుక్కుపోతుంది. పొడిని మందంగా పట్టించకండి. సంచిలో పురుగులు వేసి ఒకసారి ఊపితే పలచగా అంటుతుంది, అది చాలు. పిండిలో ముంచినట్లుంటే బల్లి ఉమ్మేస్తుంది, ఆ చేదును పురుగుకే ఆపాదిస్తుంది.

చివరిగా మీ గెక్కో మొండితనం. ముందు వంట తూకం మీద బరువు తూచి రాసుకోండి, వారానికి ఒకసారి తూచండి. ఈరోజు నుంచి వాక్స్‌వార్మ్‌లు ఇంట్లోనే ఉంచకండి, ఎదురుగా ఉంటే మనసు కరిగి వేసేస్తారు. రోజూ చీకటి పడ్డాక, అది వేటకు బయటికి వచ్చే వేళకు, కడుపు నిండిన రెండు చిన్న కీచురాళ్లు వేయండి. వెనక కాళ్లు కొసలు తుంచితే నెమ్మదిగా కదులుతాయి, దొరకడం సులువవుతుంది. తినకపోతే పావుగంటకు తీసేయండి, మరునాడు మళ్లీ. తోక లావుగా ఉన్న గెక్కో నాలుగైదు రోజులు తినకపోయినా ప్రమాదం లేదు, దాని కొవ్వు నిల్వలో ఎక్కువ భాగం తోకలోనే. వారం దాటాక కూడా ముట్టకపోతే కీచురాయిని పట్టకారతో పట్టి ముక్కు ముందు మెల్లగా కదపండి, లేదా పట్టుపురుగు ప్రయత్నించండి. మెత్తదనం వాక్స్‌వార్మ్‌లా ఉంటుంది కాబట్టి చాలా బల్లులు దాన్ని ఒప్పుకుంటాయి, అక్కడి నుంచి కీచురాయికి మారడం తేలిక. ఈలోగా బరువు పదో వంతు తగ్గినా, తోక సన్నబడినా, దవడ మెత్తగా తగిలినా, వేళ్లు వణికినా నా సలహా కోసం ఎదురుచూడకుండా ఆ రోజే సరీసృపాలు చూసే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లండి. వెళ్లేటప్పుడు దీపం కొన్న తేదీ, పురుగులకు పెడుతున్న తిండి వివరాలు కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.